బీరువాలో దొరికిన పాత డిజిటల్ కెమెరాతో రోజూ ఫోటోలు తీయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

వన్‌టౌన్ మేడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ వన్‌టౌన్. పోయిన నెల ఇంటికి రంగులు వేయిస్తూ అమ్మ బీరువా ఖాళీ చేస్తుంటే పట్టుచీరల కింద మా పాత కెమెరా దొరికింది. కెనాన్ ఇక్సస్ 80 ఐఎస్, 8 మెగాపిక్సెల్. 2008లో మా బావగారు దుబాయ్ నుంచి వస్తూ తెచ్చారు. మూడు నాలుగేళ్లు బాగా వాడాం, మంచి ఫోన్లు వచ్చాక ఎవరూ దాని మొహం చూడలేదు. ఇన్నేళ్లు ఊరికే ఉంచేశాం కదా, బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడం లేదు. కానీ లోపల 2 జీబీ కార్డు ఉంది, దాన్ని కార్డ్ రీడర్‌లో పెట్టి లాప్‌టాప్‌లో చూస్తే 412 ఫోటోలు బయటపడ్డాయి.

రాత్రి ఒంటిగంట దాకా అవే చూస్తూ కూర్చున్నాను. పెళ్లి ఫోటోలు, తిరుపతి ఫోటోలు గబగబా దాటేశాను, అందరం వరసగా నిలబడి ఉన్నాం, అంతే. నేను ఆగిపోయింది ఎవరో ఊరికే నొక్కిన ఫోటోల దగ్గర. వంటింటి గట్టు మీద ఇడ్లీ పాత్ర, పక్కన ఇప్పుడు లేని రుబ్బురోలు, వెనక గోడకి 2009 క్యాలెండర్, దాని మీద నాన్న చేతిరాతతో పాల లెక్క. ఇంకోదాంట్లో మెట్ల మీద చెప్పులు తప్ప ఏమీ లేవు, అయినా ఏ జత ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన ముఖం ఉన్న ఫోటోలు చాలానే ఉన్నాయి కానీ ఆ చేతిరాత ఉన్నది ఇదొక్కటే.

నా ఫోన్‌లో ఇప్పుడు పదకొండు వేల ఫోటోలున్నాయి, అందులో సగం స్క్రీన్‌షాట్లు, స్కూల్ గ్రూపులో వచ్చిన హోంవర్కులు. మిగతావి తీసిన రోజు తప్ప మళ్లీ చూసింది లేదు. పైగా ఫోటో తీద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఏదో మెసేజ్ కనపడుతుంది, దానికి జవాబిచ్చేలోపు పిల్లాడు లేచి వెళ్లిపోతాడు.

అందుకే ఈ కెమెరాని మళ్లీ బతికించి రోజూ మా ఇల్లు, మా సందు, మార్కెట్ ఇలాంటివి తీయాలని ఉంది. పోటీలకి కాదు, ఇన్‌స్టాగ్రామ్‌కి కాదు. బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది, కార్డు కొత్తది పెట్టొచ్చా, ఏ సెట్టింగులు పెట్టుకోవాలి? ఇంకోటి, రోజూ చూసే వాటిలో ఏది తీయాలో ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కోఠి కెమెరా సంచి

మేడం, ముందు ఒక పని చేయండి. ఆ 412 ఫోటోలు రెండు వేరువేరు చోట్ల కాపీ అయ్యేదాకా ఆ కార్డుని కెమెరాలో పెట్టొద్దు. పెట్టి, మెనూలో తడబడి ఫార్మాట్ నొక్కి కార్డులో ఉన్నవన్నీ చెరిపేసుకున్నవాళ్లు నాకు తెలుసు. కాపీ అయ్యాక కూడా పాత కార్డు అలాగే ఓ కవర్లో దాచేయండి, కెమెరాకి కొత్తది కొనండి.

కొత్త కార్డు ఎస్‌డీహెచ్‌సీ, 32 జీబీ లోపు ఏదైనా పనిచేస్తుంది. 64 జీబీ కొనకండి, 32 దాటినవన్నీ ఎస్‌డీఎక్స్‌సీ రకం, అది 2009లో వచ్చింది, మీ కెమెరా అంతకుముందుది. నిజానికి 8 జీబీ దొరికినా చాలు. 8 మెగాపిక్సెల్ ఫోటో ఒక్కోటి మహా అయితే మూడు నాలుగు ఎంబీ, రెండు వేల ఫోటోలు పడతాయి. పెట్టగానే కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

దాని బ్యాటరీ పేరు ఎన్‌బీ-4ఎల్. వేరే కంపెనీలు చేసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, హైదరాబాద్ వస్తే కోఠి, ఆబిడ్స్ వైపు కెమెరా షాపుల్లో అడగండి. పాత బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టు కనిపించినా ఛార్జింగ్‌లో పెట్టకండి, మామూలు చెత్తలోనూ వేయకండి. కొత్తది వేయగానే తేదీ అడుగుతుంది, దాన్ని దాటవేయకుండా సరిగ్గా పెట్టండి, పదేళ్ల తర్వాత ఫలానా ఫోటో ఎప్పటిదో చెప్పేది ఆ ఫైల్లో దాక్కున్న తేదీయే.

ఇక సెట్టింగులు. మీ కెమెరాలో ఆటో పెడితే వెలుగు హెచ్చుతగ్గులు మనల్ని మార్చనివ్వదు. ఫంక్షన్ బటన్ నొక్కి మాన్యువల్ అని ఉన్నది ఎంచుకోండి. పేరు చూసి భయపడొద్దు, షట్టర్ (వెలుగు పడే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) అన్నీ అదే చూసుకుంటుంది, మనకి రెండు మూడు విషయాలు మాత్రం వదిలేస్తుంది. వాటిలో ప్లస్, మైనస్ గుర్తు ఉన్నది, అంటే ఫోటో వెలుగు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఒక్కటి చేతికి వచ్చిందంటే సగం ఫోటోగ్రఫీ వచ్చినట్టే. ఎందుకంటే కెమెరాకి తెలుపు, నలుపు తెలియవు, దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగులోకి తేవాలని చూస్తుంది. తెల్ల పంచె కట్టుకున్న తాతయ్యని తీస్తే పంచె మాసినట్టు వస్తుంది, నల్ల గేదెని తీస్తే గేదె బూడిద రంగులో వస్తుంది. తెల్లనివి ఎక్కువున్నప్పుడు ప్లస్ రెండు గీతలు, నల్లనివి ఎక్కువున్నప్పుడు మైనస్ రెండు గీతలు. మల్లెపూల బుట్టతో పరీక్ష చేసి చూడండి, తేడా మీకే కనిపిస్తుంది.

ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె, 80 నుంచి 200 లోపు ఉంచండి. మీ కెమెరాలో వెలుగుని పట్టే చిప్, అంటే సెన్సర్, దాదాపు 5.8 మిల్లీమీటర్ల వెడల్పు, 4.3 ఎత్తు, అంటే చిటికెన వేలి గోరు కంటే చిన్నది. 400 దాటితే చీకటి భాగాల్లో ఇసుక చల్లినట్టు మచ్చలొస్తాయి. ఇంట్లో వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచే బదులు గుమ్మానికి ఆనుకుని, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టి తీయండి. దాంట్లో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది, ఐఎస్ అంటే అదే. కానీ అది మన చేతి వణుకునే తగ్గిస్తుంది, పరిగెత్తే పిల్లాడిని ఆపలేదు. డిజిటల్ జూమ్ మెనూలోకి వెళ్లి పూర్తిగా తీసేయండి, అది ఫోటోని కత్తిరించి సాగదీయడం తప్ప ఏమీ కాదు.

ఇంకా ముఖ్యమైనది, బటన్ సగం నొక్కడం. పాత కెమెరా నొక్కిన ఒక్క క్షణం తర్వాత తీస్తుందని అందరూ విసుక్కుంటారు, ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ఫోకస్ వెతుక్కోవడానికే పోతుంది. పిల్లాడు ఉయ్యాల ఊగుతున్నాడనుకోండి, ఉయ్యాల మీ దగ్గరికొచ్చే చోట ఎంత దూరం ఉంటుందో అంత దూరంలో ఉన్న దేనిమీదైనా సగం నొక్కి పట్టుకోండి, వాడు అక్కడికి రాగానే మిగతా సగం నొక్కండి. వెంటనే పడుతుంది.

కరెంటు తీగ

మీరిద్దరూ పాత కెమెరా వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తాను, ఎవరినీ నొప్పించాలని కాదు. ఇవాళ మామూలు ఫోన్లలో కూడా చాలావాటి మెయిన్ కెమెరా సెన్సర్ ఆ ఇక్సస్ కంటే పెద్దది. పైగా ఫోన్ ఒకసారి నొక్కితే వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపి ఒకటి చేస్తుంది, అందుకే రాత్రిళ్లు కూడా శుభ్రంగా వస్తాయి. నేను కూడా పాత కాంపాక్ట్ (జేబు కెమెరా) ఒకటి కొని ఆరు నెలలు వాడాను. పగలు బాగుంది, దీపావళికి మాత్రం ఒక్క ఫోటో కూడా నిలవలేదు, అన్నీ వణికిపోయాయి. ఆ రాత్రి మా పాప మొదటిసారి కాకరపువ్వొత్తి పట్టుకుంది, మళ్లీ రాదు కదా ఆ క్షణం. మేడం, మీకు జ్ఞాపకాలే ముఖ్యం అనుకుంటే చీకటి పడ్డాక మొహమాటం లేకుండా ఫోన్ తీయండి.

పాత స్టూడియో, రాజమండ్రి

అమ్మా, నేను ఇరవై రెండేళ్లు స్టూడియో నడిపాను, ఇప్పుడు మూసేశాను. పైన బాబు చెప్పిన రాత్రి సంగతి నిజమే, కాదనను. కానీ మీరు అడిగింది వేరు. ఏది తీయాలో ఎలా తెలుస్తుంది అన్నారు చూడండి, దానికి నాకు తెలిసింది చెప్తాను.

రీలు రోజుల్లో ఒక రీలుకి 36 ఫోటోలు. మా షాపుకి కడిగించడానికి తెచ్చే రీళ్లలో చివరి రెండు మూడు ఫోటోలు ఎప్పుడూ వింతగా ఉండేవి. ఫంక్షన్ అయిపోయాక రీలు పూర్తి చేయడానికి ఇంటికెళ్లి ఏదో ఒకటి నొక్కేవాళ్లు, కుక్కపిల్ల, తులసికోట, స్కూటర్, మంచం మీద పడుకున్న అమ్మమ్మ. ప్రింట్లు తీసుకెళ్లేటప్పుడు ఇవి అనవసరంగా కడిగారు అని కొందరు డబ్బులు తగ్గించమనేవాళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత అవే మనుషులు నెగెటివ్ పట్టుకొచ్చి, అమ్మమ్మ మంచం మీదున్నది ఒక్కటి పెద్దది చేసివ్వండి అని అడిగారు. ఒకరిద్దరు కాదమ్మా. మీ క్యాలెండర్ సంగతి చదివితే వాళ్లే గుర్తొచ్చారు.

కాబట్టి నా సలహా ఏంటంటే, ఇంట్లో త్వరలో మారిపోయేవి ఏమున్నాయో చూడండి, అవి తీయండి. గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, గ్యాస్ పొయ్యి, అమ్మ మందుల డబ్బా, కూరగాయలవాడి బండి, టీ కొట్టు దగ్గర ధరల బోర్డు. రంగులు వేయిస్తున్నాం అన్నారు కదా, ఇంకా వేయని గది ఏదైనా ఉంటే ఈ రోజే తీయండి, రేపటికి ఆ గోడ ఉండదు. దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, రెండే. దూరంగా తీసిన దాంట్లో చుట్టుపక్కల సామాను పడుతుంది, తర్వాత వెతుక్కునేది దాన్నే.

వెలుగు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మన ఇళ్లలో వసారా, అరుగు ఉన్నంత మంచి చోటు స్టూడియోలో కూడా లేదు. నేను లైట్లు, గొడుగులు కొని తెచ్చుకున్న వెలుగు అక్కడ ఊరికే వస్తుంది, పైన నీడ, ముందు నుంచి ఆకాశం వెలుతురు. మనిషిని ఎండలో నిలబెట్టి కళ్లు చికిలించేలా తీయొద్దు. పది దాటాక ఎండ నెత్తిమీదికొస్తే కళ్ల కింద నల్లగా గుంటలు పడతాయి, అప్పుడు గుమ్మం లోపలికి రమ్మనండి, లేదా ఫ్లాష్ బలవంతంగా వెలిగించండి. పగలు ఫ్లాష్ ఎందుకు అనుకుంటారు, చిన్న కెమెరా ఫ్లాష్ బాగా పనికొచ్చేది పగలే. రెండు మూడు మీటర్ల లోపున్న ముఖం మీద నీడ తేలికవుతుంది, వెనక ఆకాశం తెల్లగా మాడిపోకుండా ఉంటుంది.

చివరగా, కడిగించండి. నెలకి పది, అంతకంటే వద్దు. 4×6 ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800 × 1200 చాలు, అంటే 22 లక్షల పిక్సెళ్ల లోపే. మీ దాంట్లో 80 లక్షలున్నాయి, కాబట్టి పాతది, తక్కువది అన్న బెంగ వద్దు. ఒక్క జాగ్రత్త మాత్రం, మీ కెమెరా ఫోటో 4:3 ఆకారం, 4×6 కాగితం 3:2. ప్రింటులో పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు పోతుంది. తలల మీద కొంచెం ఖాళీ వదిలి తీయండి, లేదంటే తలలు తెగుతాయి. ప్రింటు వెనక బాల్ పెన్నుతో అదిమి రాయకండి, ముందువైపు గీత తేలుతుంది. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు, కొన్నేళ్లకి ఫోటో ఊడిరాదు. జేబుల్లాంటి కవర్లుండే ఆల్బమ్ కొనండి.

వన్‌టౌన్ మేడ

అందరికీ చాలా చాలా థాంక్స్. స్టూడియో బాబాయ్ గారూ, మీ జవాబు చదివి వెంటనే లేచి వెళ్లాను, మా వెనక గదికి ఇంకా రంగు వేయలేదు. గోడ మీద మా తమ్ముడు చిన్నప్పుడు గీసిన రైలు బొమ్మ ఉంది. బ్యాటరీ ఇంకా రాలేదు కాబట్టి ఫోన్‌తోనే తీశాను, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి.

ఇప్పుడు ఇంకో సమస్య. ఇంట్లో సరే, బయట తీయాలంటే చేయి రావడం లేదు. ఫోన్‌తో తీస్తే ఎవరూ పట్టించుకోరు, కెమెరా చూస్తే అందరూ ఆగి చూస్తారేమో, ఆడదాన్ని ఒక్కదాన్నే మార్కెట్లో నిలబడి తీస్తుంటే ఏమనుకుంటారో అని టెన్షన్. మీరెవరైనా ఇలా బయట తీస్తుంటారా?

హనుమకొండ తంగేడు

అక్కా, నేను తీస్తాను. నాలుగేళ్లుగా చిన్న కెమెరా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది. మొదట్లో నాకూ అచ్చం ఇదే భయం. నాకు పనిచేసింది చెప్తాను, నీకు నప్పుతుందో లేదో చూసుకో.

నేను తెలియని చోట మొదలుపెట్టలేదు. రోజూ కూరగాయలు కొనే అమ్మ దగ్గర మొదలుపెట్టాను. ముందు కూరగాయలు కొన్నాను, డబ్బులిచ్చాను, అప్పుడు అడిగాను, అమ్మా నీ టమాటల గంప ఒక ఫోటో తీసుకోనా అని. గంప తీశాక ఆమే అడిగింది, నన్ను తీయవా అని. మరుసటి వారం ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. అంతే, ఆ వరసలో ఉన్న ఎనిమిది మంది నన్ను పేరు పెట్టి పిలుస్తారు ఇప్పుడు, ఫోటోలమ్మాయి అంటారు. పెద్ద నల్ల కెమెరా, పొడుగు లెన్స్ పట్టుకెళ్తే పేపర్ వాళ్లా, టీవీ వాళ్లా అని బిగుసుకుపోతారు, చిన్నది చూస్తే ఇంటి పిల్ల అనుకుంటారు. నీ ఇక్సస్ అందుకు చాలా మంచిది.

దొంగచాటుగా మాత్రం తీయను. అడగకుండా తీసే పద్ధతిని గొప్పగా చెప్పేవాళ్లున్నారు, నాకు అది నచ్చదు. వీపు, చేతులు, వస్తువులు సరే. ముఖం తీయాలంటే కళ్లతోనైనా అడుగుతాను, వద్దంటే వెంటనే దించేస్తాను. స్నానఘట్టాల దగ్గర, ఆస్పత్రిలో అసలు తీయను. ఎవరి పిల్లల్నైనా తీయాలంటే తల్లి ఒప్పుకోవాల్సిందే. గుడి లోపల బోర్డు ఉంటే కెమెరా బ్యాగ్‌లోంచే తీయను.

కరెంటు తీగ అన్న రాత్రి గురించి చెప్పాడు కదా, దానికి ఒక మాట. మా బతుకమ్మ రాత్రే కదా, అయినా నేను ఆ చిన్న కెమెరాతోనే తీస్తాను, కాకపోతే ఆడుతున్నప్పుడు కాదు. పొద్దున్నుంచి తీస్తాను. తెల్లవారుజామున తంగేడు, గునుగు కట్టలు దింపేది, మా అత్తమ్మ గునుగు చివర్లు సమానంగా కోసి రంగుల్లో ముంచేది, మధ్యాహ్నం పళ్లెంలో ఒక్కో వరుస పేర్చేది, పసుపు అంటిన వేళ్లు. సాయంత్రం ఆరింటికి గుమ్మం ముందు తయారై నిలబడ్డప్పుడు ఆఖరిది. ఆ తర్వాత కెమెరా ఇంట్లో పెట్టేసి నేనూ వెళ్లి ఆడతాను. నాకు ఆ పగటి ఫోటోలే ఇష్టం. ఇంకోటి, సాయంత్రం ఎండ తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్ (ఫోటోలో రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ బంగారు రంగుని తగ్గించేస్తుంది. క్లౌడీ అని ఉన్నది పెట్టు, కంటికి కనిపించినట్టే వస్తుంది.

టెక్సస్ తెలుగోడు

నేను 2012 నాటి మొదటి సోనీ ఆర్‌ఎక్స్100 సెకండ్ హ్యాండ్‌లో కొని వాడుతున్నాను. ఆ సైజులో ‘ఒక అంగుళం’ అని పేరుకి మాత్రమే పిలిచే రకం సెన్సర్ పెట్టడం అప్పట్లో పెద్ద విశేషం, 13.2 × 8.8 మిల్లీమీటర్లు, చొక్కా జేబులో కాకపోయినా ప్యాంటు జేబులో పడుతుంది. ఐఎస్ఓ 800 దాకా ఇంట్లో హాయిగా తీయొచ్చు. కాబట్టి కరెంటు తీగ గారి బాధకి కాంపాక్ట్ లోకంలోనే కొంత మందు ఉంది.

కానీ నేను రాస్తున్నది అందుకు కాదు. తెనాలిలో మా ఇల్లు 2019లో అమ్మేశాం. అమ్మకముందు పది సార్లు వెళ్లొచ్చాను, ప్రతిసారీ గేటు ముందు అందరం నిలబడి ఒక ఫోటో. పది ఫోటోలున్నాయి, పదీ గేటువే. ఆ ఇంట్లో పెరటి బావి గిలక ఎటువైపు ఉండేదో ఈ మధ్య నాకూ మా అక్కకీ వాదన వచ్చింది, తేల్చడానికి ఒక్క ఫోటో లేదు. మేడం గారూ, మీరు ఇల్లు మొత్తం తీయండి. గదిలో నాలుగు మూలల్లో నిలబడి ఎదురు మూలకి ఒక్కోటి తీస్తే గది మొత్తం వచ్చేస్తుంది. అందం చూసుకోవద్దు, అవి అందానికి కాదు.

ఇక్కడ నేను చేసేది ఏంటంటే ప్రతి ఆదివారం ఒకే చోటు నుంచి, మా వంటింటి కిటికీలోంచి, ఒకటి తీస్తాను. మూడేళ్లయింది. ఎదురింటి చెట్టు పెరగడం, మా బాబు సైకిలు మూడు చక్రాల నుంచి రెండు చక్రాలకి మారడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఒకే చోటు కాబట్టి ఏం తీయాలి అన్న ఆలోచనే ఉండదు, వెలుగు మాత్రమే మారుతుంది, దాన్ని చూడటం అలవాటవుతుంది.

కృష్ణలంక కుర్రాడు

నాదీ ఒక డౌట్ అండి, నేను డిగ్రీ చదువుతున్నా. ఇలాంటి పాత కెమెరా కొందామంటే ఆన్‌లైన్‌లో రేట్లు మండిపోతున్నాయి. ఫిల్మ్ లుక్ (పాత రీలు ఫోటోల్లాంటి తీరు) అని చెప్పి ఐదారు వేలు అడుగుతున్నారు. నిజంగా అంత విలువుందా?

కోఠి కెమెరా సంచి

తమ్ముడూ, ఆగు, కొనకు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో లెన్స్ విడదీయలేకుండా బిగించి ఉండే కెమెరాలు, ఇక్సస్ లాంటివి, దాదాపు 10.9 కోట్లు కంపెనీల నుంచి బయటికెళ్లాయి, 2023కి అది 17 లక్షలకి పడిపోయింది. ఆ 10.9 కోట్లు ఎక్కడికి పోయాయనుకుంటున్నావ్? నీ బంధువుల బీరువాల్లో ఉన్నాయి. మీ మేనమామని, మీ పెద్దమ్మని అడుగు, ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఒకటి ఉంటుంది, ఊరికే ఇస్తారు. ఫిల్మ్ లుక్ అనేదాన్ని నేను నమ్మను. ఆ రోజుల్లో కెమెరాలు నీడల్ని నీడల్లాగే వదిలేసేవి, ఇప్పటి ఫోన్ ప్రతి నీడలోకీ వెలుగు పోస్తుంది, తేడా ఎక్కువగా అక్కడుంది.

అలా కాదు కొనే తీరాలంటే చేతికి తీసుకుని చూసి కొను. పది సార్లు ఆన్ చేసి ఆఫ్ చెయ్యి, లెన్స్ బయటికి రావడం లోపలికి పోవడం ఎక్కడా పట్టేయకూడదు, కరకరమని చప్పుడు రాకూడదు. ఇసుక ఒక్క రేణువు పోతే లెన్స్ మధ్యలో ఆగిపోతుంది, బాగు చేయడానికి కెమెరా ధర కంటే ఎక్కువవుతుంది. లెన్స్‌ని వెలుగుకి పట్టి చూడు, లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. తెల్ల గోడని, ఆకాశాన్ని ఒక్కో ఫోటో తీసి చూడు, అన్నింట్లో ఒకే చోట మచ్చ ఉంటే సెన్సర్ మీద దుమ్ము. కార్డు ఏ రకమో ముందే చూసుకో, పాత సోనీలకి మెమరీ స్టిక్, పాత ఒలింపస్‌లకి ఎక్స్‌డీ కార్డు, అవి దొరకడం కష్టం.

ఫంగస్ మాట వచ్చింది కాబట్టి మేడం గారికి కూడా చెప్తున్నా, విజయవాడ ఉక్కపోతలో మళ్లీ చీరల మధ్య పెట్టకండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి అందులో పెట్టండి. బియ్యంలో మాత్రం వద్దు, ఆ పొడి లెన్స్ సందుల్లోకి పోతుంది. అన్నిటికంటే మంచి మందు రోజూ వాడటం.

వన్‌టౌన్ మేడ

పద్దెనిమిది రోజులైంది, ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

బ్యాటరీ వచ్చింది, కెమెరా మొదటి నొక్కుకే లేచింది. ఆ టింగుమనే చప్పుడు వినగానే వంటింట్లోంచి అమ్మ అడిగింది, అది మన కెమెరా కదా అని. ఇన్నేళ్ల తర్వాత గుర్తుపట్టింది! తేదీ పెట్టాను. మాన్యువల్, ఐఎస్ఓ 100, ప్లస్ మైనస్ కాస్త అలవాటవుతోంది. మల్లెపూల పరీక్ష చేశాను, మొదటిది పాత గుడ్డ రంగులో వచ్చింది, ప్లస్ రెండు గీతలు పెట్టాక మల్లెపూల్లాగే వచ్చింది. ఆ ఒక్కదానికే మొత్తం అర్థమైపోయింది, కోఠి అన్నా, నిజంగా థాంక్స్.

రోజుకి పది దాటకూడదని పెట్టుకున్నాను. నిన్నటికి 143 అయ్యాయి. సగం వణికినవి, పనికిరానివి. కొన్ని మాత్రం నేనే తీశానా అనిపించింది. పొద్దున్న ఏడింటికి మా మేడ మెట్ల మీదికి ఒక ముక్క ఎండ వస్తుంది, పావుగంట ఉండి పోతుంది. ముప్పై ఏళ్లుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాను, అది ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుని దానికోసం కూర్చుంటున్నాను. మొన్న పిల్లి వచ్చి సరిగ్గా ఆ ముక్కలోనే పడుకుంది.

టెక్సస్ అన్నయ్యా, నాలుగు మూలల పద్ధతిలో ఇంట్లో గదులన్నీ తీసేశాను, డాబా మీద ట్యాంకు, మీటర్ బోర్డు కూడా. తంగేడు చెల్లీ, మా సందు చివర ఇస్త్రీ బండి తాతగారిని అడిగాను. మూడు రోజులు బట్టలిచ్చి మాట్లాడాకే అడిగాను, నీలాగే. బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత తెరిచి ఊదుతుంటే తీశాను, నిప్పురవ్వలు పడలేదు కానీ ఆయన బుగ్గలు ఉబ్బినవి పడ్డాయి. ఎవరూ ఆగి చూడలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం ఇంకా ఇది పనిచేస్తోందా, మా ఇంట్లోనూ ఒకటి ఉండాలే అని అడిగి వెళ్లాడు.

రాత్రి మాత్రం ఫోనే, కరెంటు తీగ గారూ. మీ పాప సంగతి చదివాక ఆ పట్టుదల పెట్టుకోలేదు.

నిన్న పది ఫోటోలు కడిగించాను. తలల మీద ఖాళీ వదలమన్నారని వదిలాను, అయినా ఒకదాంట్లో అమ్మ ముడి తెగింది, ఇంకొంచెం వదలాలి. అమ్మ పదీ చూసి, ఇస్త్రీ తాతగారిది పక్కన పెట్టి, క్యాలెండర్ ఉన్న పాత ఫోటో కూడా కడిగించుకురా అంది. అది 2009లో అదే కెమెరాతో తీసింది కదా, స్టూడియో బాబాయ్ గారూ, దాన్ని 8×10 దాకా పెద్దది చేయించొచ్చా? నాన్న అంకెలు చదవడానికి వీలుగా ఉండాలి.

పాత స్టూడియో, రాజమండ్రి

చేయించొచ్చమ్మా. ఫోటో 3264 × 2448 ఉంటుంది, పది అంగుళాలకి పంచితే అంగుళానికి 300 చుక్కలు దాటుతున్నాయి, నిక్షేపంగా వస్తుంది. వాట్సాప్‌లో పంపి ప్రింట్ వేయించకండి, అది చిన్నది చేసేస్తుంది. అసలు ఫైల్ పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. షాపులో రంగులు సరిచేస్తాం, పదును పెంచుతాం అంటే వద్దనండి, అంకెల అంచులు చెడిపోతాయి. మ్యాట్ కాగితం మీద వేయించండి, ఫ్రేము కట్టాక అద్దం ఫోటోకి అంటకుండా చుట్టూ మౌంటు బోర్డు (మందపాటి అట్ట) పెట్టమనండి. ఎండ నేరుగా పడని గోడకి తగిలించండి.